డ్రైడెన్ దిద్దుకున్న వాక్యాలు

ఇంగ్లీషు వాక్యాన్ని ప్రిపొజిషన్‌తో ముగించకూడదని మాకు చెప్పిన మాస్టార్లు చాలామందే ఉన్నారు. ఎవరు పెట్టారండీ ఈ నియమం అని అడిగితే మాత్రం గ్రామరు పుస్తకం వైపు చెయ్యి చూపించేవారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ఆ నియమం పుట్టుపూర్వోత్తరాలు తవ్వుకుంటూ పోతే 1672 నాటి లండన్‌లో తేలాను.

అప్పటికి జాన్ డ్రైడెన్ ఆస్థానకవి. తన నాటకం ఒకటి అచ్చు వేస్తూ, దాని వెనక ఒక వ్యాసం తగిలించి, పాత తరం నాటకకర్తల భాషలో తప్పులెన్నాడు. షేక్‌స్పియర్‌నీ వదల్లేదు. బెన్ జాన్సన్‌నైతే వరసపెట్టి దులిపాడు. పాపం, జాన్సన్ పోయి అప్పటికే 35 ఏళ్లు. 1611 నాటి ఆయన ‘కాటిలీన్’ నాటకంలోంచి ఒక పాదం పట్టుకుని, చివర ‘ఫ్రమ్’ వేలాడుతోంది చూడండి అన్నాడు. ఎందుకు తప్పో చెప్పలేదు. ఈ దోషం నా రాతల్లోనూ ఈమధ్యే కనిపెట్టానని మాత్రం ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని ఊరుకునే మనిషి కాదు. నాటక కళ మీద 1668లో అచ్చయిన తన పెద్ద వ్యాసాన్ని 1684లో మళ్లీ వేయించేటప్పుడు, వాక్యాల చివరనున్న ప్రిపొజిషన్లను ఏరి ఏరి ముందుకు లాగాడు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు పాతదే నచ్చుతుంది. అందులో మనిషి మాట్లాడుతుంటాడు. కొత్తదాంట్లో గొంతు సవరించుకుంటాడు.

ఈ భయమంతా లాటిన్ పెట్టింది. డ్రైడెన్ చదివిన వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో చదువంటే ముందు లాటినే. తాను రాసిన ఇంగ్లీషు మీద అనుమానమొస్తే దాన్ని లాటిన్‌లోకి మార్చి చూసుకుంటానని 1679లో ఆయనే రాసుకున్నాడు. లాటిన్‌లో ప్రిపొజిషన్ తన నామవాచకాన్ని వదిలేసి వాక్యం చివరికి పోదు. కానీ ఇంగ్లీషు లాటిన్ కడుపున పుట్టిన భాష కాదు. దాని చుట్టాలు డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషలు. అవన్నీ ప్రిపొజిషన్‌ని చివర నిక్షేపంగా వదిలేస్తాయి. అంతెందుకు, లాటిన్ వాళ్లే ‘నాతో’ అనడానికి ‘మేకుమ్’ అంటారు. ‘తో’కి సమానమైన ఆ ‘కుమ్’, మన ‘తో’ లాగే వెనకే వచ్చి కూర్చుంది. డ్రైడెన్‌కి అది తెలియకుండా ఉంటుందా?

డ్రైడెన్ గొడవని జనం మరిచిపోయి, నేరమంతా రాబర్ట్ లౌత్ నెత్తిన రుద్దారు. తర్వాత లండన్ బిషప్ అయిన పండితుడాయన. 1762లో పేరు వేసుకోకుండా ఒక చిన్న గ్రామరు అచ్చు వేశాడు. అందులో ఈ అలవాటు తప్పని ఎక్కడా అనలేదు. మాటల్లో ఇది మామూలే, తేలికపాటి రచనకు నప్పుతుంది, గంభీరంగా రాయాలంటే ముందు పెట్టడం అందం అన్నాడు. అంతే. పైగా మా భాషకి ఈ అలవాటు మెండు అని చెప్పే వాక్యాన్ని ‘టు’తోనే ముగించాడు. అది కొంటెతనమనే నా నమ్మకం. 1795లో లిండ్లీ మర్రే అనే అమెరికా లాయరు, యార్క్ దగ్గర స్థిరపడి, క్వేకర్ ఆడపిల్లల బడి కోసం గ్రామరు రాస్తూ లౌత్ మాటల్ని ఎత్తుకున్నాడు. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి ‘టు’ని తీసి బుద్ధిగా ముందు పెట్టాడు. నవ్వు పోయి నియమం మిగిలింది. మర్రే పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది మరి.

ఇంతకీ మన పిల్లలు చేసే తప్పు అసలు ఇది కాదు. ‘నేనుండే ఇల్లు’ అంటాం, ‘నేను రాసే పెన్ను’ అంటాం. ‘లో’ ఏది, ‘తో’ ఏది? తెలుగులో ఆ చోట అవి మాయమైపోతాయి. అందుకే మా పిల్లలు ‘ద హౌస్ ఐ లివ్’, ‘ద పెన్ ఐ రైట్’ అని రాసేవారు. చివర ఒక ‘ఇన్’, ఒక ‘విత్’ చేర్చు అంటే చాలు, పట్టేసుకునేవారు. ‘ఇన్ విచ్’, ‘విత్ విచ్’ అని మొదలుపెడితే ఉన్న ధైర్యం కూడా పోయేది. డ్రైడెన్ వద్దన్న చోటే మాకు సులువు.

1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఈ నియమాన్ని మూఢనమ్మకాల్లో చేర్చాడు. దీన్ని వెక్కిరిస్తూ చర్చిల్ ఏదో అన్నాడని ఒక జోకు తిరుగుతుంటుంది గాని, ఆయన అన్నట్టు దాఖలా లేదు. మన దగ్గర అందరి అల్మరాల్లోనూ ఉండే రెన్ అండ్ మార్టిన్ సంగతి చూడండి. ఆ రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగం చేసి, తర్వాత ‘బో జెస్ట్’ నవలతో పేరు తెచ్చుకున్న రెన్నే. ప్రశ్నల్లోనూ, ‘దట్’ వచ్చిన చోటా ప్రిపొజిషన్ చివరికి పోతుందని ఆ పుస్తకమే ఉదాహరణలిచ్చి మరీ చెబుతుంది.

ఒకసారి పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో పక్క టేబుల్ మాస్టారు, చివర ‘విత్’ పెట్టిన పిల్లాడికి అర మార్కు కోసేస్తున్నారు. రెన్ అండ్ మార్టిన్‌లోనే ఉందండీ అని ఆ పేజీ తీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. “ఉంది మాస్టారూ, కాదనను,” అన్నారు. “మాకు చెప్పినాయన ఈ పేజీ చెప్పలేదు.” అర మార్కు మాత్రం వేశారు.