ఏరువాక పున్నమి: తొలి సాలు ఆచారం

జ్యేష్ఠ మాసపు పౌర్ణమి ఏరువాక పున్నమి. వాననే నమ్ముకున్న తెలుగు పల్లెల్లో సేద్యపు పనులకు అదే ఆరంభం. ఉత్తర కర్ణాటక రైతులు అదే పున్నమిని కార హుణ్ణిమె అంటారు. తొలి దుక్కిని పండుగ చేయడం ఇంకా పాత అలవాటే; బుద్ధుని తండ్రి శుద్ధోదనుడు నాగలి పట్టిన వప్పమంగళ ఉత్సవం పాలీ బౌద్ధ కథల్లో కనిపిస్తుంది.

రోహిణి ఎండలు పోయి మృగశిర కార్తె వచ్చేది జూన్ 7, 8 తేదీల్లో. నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకేదీ ఇంచుమించు అప్పుడే. తొలకరి పడ్డాక ఎర్రచెలకలో పదును కొద్ది రోజులే ఆగుతుంది. ఆలోగా దున్ని విత్తకపోతే మళ్లీ వాన కోసం చూడాలి. ఆలస్యంగా వేసిన పంట గింజ కట్టే వేళకు బెట్టకు చిక్కుతుంది. అయినా వేసవంతా మూలన పడి ఉన్న నాగలిని బయటికి తీయాలంటే సాకులకు కొదవ ఉండదు: కర్రు అరిగింది, ఎద్దు చిక్కింది, వాన మీద గురి కుదరలేదు. పున్నమి ఈ సాకులన్నిటికీ గడువు పెట్టింది. ఆనాటికి వడ్రంగి కాడి, మేడి సరిచేయాలి, కమ్మరి కర్రు సాగగొట్టాలి. వారికి కూలి పంట కళ్లంలో గింజల రూపంలో అందేది కనుక, పని ఆగితే నష్టం వారికీ ఉండేది.

పండుగనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పొంగలి తినిపిస్తారు. నాగలికి పసుపు కుంకుమలు పెట్టి, అరక కట్టి పొలానికి వెళతారు. దున్నేది మాత్రం నాలుగు సాళ్లే. ఆచారంలోని తెలివంతా అక్కడే ఉంది: ఆ రోజు పొలం పూర్తి చేయమని ఎవరూ అడగరు, మొదలుపెడితే చాలు. ఊరంతా కదిలిన రోజున ఒక్కడు ఇంట్లో కూర్చోవడమూ కష్టమే. కొన్ని ఊళ్లలో సాయంత్రం ఊరి ముందు గోగునార తోరణం కట్టి, చర్నాకోలలతో కొట్టి తెంపుతారు. చేతికందిన నారను నాగళ్లకు, ఎడ్ల మెడలకు కట్టుకుంటారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో వరి సాగు కాలువ నీటి మీద ఆధారపడింది. అక్కడ పనుల వేళను నీరు వదిలే తేదీ నిర్ణయించసాగింది. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ చిత్రంలో కొసరాజు రాసిన పాట ఏరువాక మాటను పట్టణాలకూ చేర్చింది. తర్వాత ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల జతలు తగ్గాయి. మెట్ట ప్రాంతాల్లో పున్నమి పూజ ఇంకా సాగుతోంది. ఎడ్లు లేనిచోట పసుపు కుంకుమలు ట్రాక్టరుకు పెడుతున్నారు.