పాత బాకీ సిబిల్‌లో పడిందా? తొలి హోమ్ లోన్‌కు ముందు చేయాల్సిన పనులు

ఎప్పుడో కట్టకుండా వదిలేసిన బండి లోన్, మధ్యలో ఆపేసిన క్రెడిట్ కార్డు బిల్లు, చుట్టం కోసం పెట్టిన జామీను సంతకం. సొంతింటి కోసం బ్యాంకు మెట్లెక్కిన రోజున ఇవన్నీ బయటికొస్తాయి. అంతమాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. అయితే ముందు పాత లెక్క సరిచేసుకోవాలి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాలి. ఇల్లు చూసి బయానా ఇచ్చేశాక లోన్ రాకపోతే ఆ డబ్బే పోయే ప్రమాదం ఉంది.

రిపోర్టులో ఏం చూడాలి?

మన దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు సాధారణంగా మంచిదిగా చూస్తాయి. అయితే స్కోరు ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఒక్కో లోన్ పక్కన రాసిన మాటే అసలు విషయం చెబుతుంది.

- క్లోజ్డ్: అప్పు పూర్తిగా తీరింది.
- ఓవర్‌డ్యూ: ఇంకా కట్టాల్సింది ఉంది.
- సెటిల్డ్: బ్యాంకు కొంత తగ్గించుకుని ముగించింది. బాకీ పూర్తిగా తీరలేదనే బ్యాంకులు దీన్ని చదువుతాయి.
- రిటన్ ఆఫ్: వసూలు కాదని బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకుంది. ఇది మాఫీ కాదు, బాకీ అలాగే ఉంటుంది.

ఆలస్యమైన రోజుల లెక్క కూడా నెలనెలా కనిపిస్తుంది. 90 రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీ కిందికి వెళ్తుంది. జామీను ఉన్న లోన్ ఆగిపోతే ఆ మచ్చ జామీనుదారు రిపోర్టులోనూ పడుతుంది.

ఆ బాకీ నిజంగా మీదేనా?

షేక్, మహ్మద్, సయ్యద్, ఖాన్ లాంటి పేర్లు వేల మందికి ఉంటాయి. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా, బ్యాంకు పాస్‌బుక్‌లో పొడి అక్షరాలతో ఉండటం మామూలే. ఇలాంటప్పుడు ఇంకొకరి లోన్ మీ ఖాతాలో చేరే అవకాశం ఉంది. అందుకే రిపోర్టులో పాన్ నంబరు, పుట్టిన తేదీ, చిరునామా, ఒక్కో లోన్ ఖాతా విడివిడిగా సరిచూడాలి.

తప్పు కనిపిస్తే బ్యూరో వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పు ఇచ్చిన సంస్థకూ రాతపూర్వకంగా తెలపాలి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే, ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. అప్పటికీ పని కాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి.

బాకీ నిజమే అయితే?

అప్పు ఇచ్చిన సంస్థ నుంచి మిగిలిన మొత్తం ఎంతో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత బాకీలను బ్యాంకులు ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మేస్తుంటాయి. అలా జరిగితే డబ్బు ఎవరికి కట్టాలో బ్యాంకు నుంచే నిర్ధారించుకోవాలి. రికవరీ ఏజెంటు చేతికి నగదు ఇవ్వకూడదు, లోన్ ఖాతాకే కట్టి రసీదు దాచుకోవాలి.

సెటిల్‌మెంట్ కన్నా పూర్తిగా కట్టేయడమే మేలు. ముందే సెటిల్ చేసుకున్నవారు కూడా అప్పట్లో తగ్గించిన మొత్తం కట్టి, ఖాతాను క్లోజ్డ్‌గా మార్చమని అడగవచ్చు. బాకీ లేదనే సర్టిఫికెట్ తప్పనిసరిగా తీసుకోవాలి. కొన్ని వారాలయ్యాక రిపోర్టు మళ్లీ తీసి, మార్పు పడిందో లేదో చూసుకోవాలి.

చెల్లింపుల పాత చరిత్ర వెంటనే చెరిగిపోదు. బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. కాకపోతే డిఫాల్ట్ పాతబడే కొద్దీ, ఆ తర్వాత కట్టినవన్నీ సమయానికి ఉన్న కొద్దీ దాని బరువు తగ్గుతుంది. ఏడాది, రెండేళ్ల మచ్చలేని చరిత్ర చూపిస్తే మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, చిన్న ఖర్చులకు వాడి, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేయడం దీనికి ఒక దారి.

దరఖాస్తు ఎలా పెట్టాలి?

ఒకేసారి అయిదారు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకూడదు. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదై స్కోరును తగ్గిస్తుంది. ముందుగా జీతం పడే బ్యాంకులో, పాత బాకీ సంగతి దాచకుండా చెప్పి అడగాలి. ఉద్యోగం పోవడం, ఆస్పత్రి ఖర్చు లాంటి కారణం ఉంటే దాని కాగితాలు జత చేయాలి.

మంచి రికార్డు, ఆదాయం ఉన్న భార్యనో, భర్తనో, తండ్రినో సహ దరఖాస్తుదారుగా చేర్చుకుంటే బలం పెరుగుతుంది. అయితే ఈఎంఐ తప్పితే వాళ్ల రికార్డూ పాడవుతుందని ముందే చెప్పాలి.

చేతి డబ్బు ఎక్కువ పెట్టగలిగితే బ్యాంకుకు భయం తగ్గుతుంది. నిబంధనల ప్రకారం రూ. 30 లక్షల వరకు లోన్‌కు ఇంటి విలువలో 90 శాతం, రూ. 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం దాకే ఇవ్వవచ్చు. బంధువుల దగ్గర కర్జ్ తీసుకుంటే ఆ డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి. రూ. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు.

బ్యాంకు కాదంటే హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి, కానీ వడ్డీ ఎక్కువ పడవచ్చు. ఉదాహరణకు రూ. 30 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు రూ. 26,035. అదే 11 శాతమైతే రూ. 30,966. మొత్తం మీద తేడా దాదాపు రూ. 11.8 లక్షలు. అందుకే తొందర లేకపోతే ఏడాది ఆగి రికార్డు బాగుచేసుకోవడమే లాభం.

గల్ఫ్‌లో ఉన్నవారికి

ఊళ్లో లోన్ వదిలేసి వెళ్లినవారికి పాత ఫోన్ నంబరు మారిపోవడంతో నోటీసులు అందవు, బాకీ మాత్రం పెరుగుతుంది. ఇప్పుడు వాడే నంబరు, ఈమెయిల్ బ్యాంకులో నమోదు చేయించుకోవాలి. ఉంటున్న దేశంలోని క్రెడిట్ రిపోర్టునూ కొన్ని బ్యాంకులు అడుగుతాయి.

వీళ్లతో జాగ్రత్త

డబ్బిస్తే సిబిల్ క్లీన్ చేస్తామనే ఏజెంట్లను నమ్మవద్దు. నిజమైన బాకీని రిపోర్టు నుంచి తీసేసే అధికారం వాళ్లకు లేదు. అప్పు ఇచ్చిన సంస్థ చెబితేనే బ్యూరో రికార్డు మారుస్తుంది. ఆధార్, పాన్ కాపీలు, ఓటీపీలు ఇలాంటివారి చేతిలో పెడితే మీ పేరు మీద కొత్త అప్పు పుట్టే ప్రమాదం ఉంది.