పాలిమర్ తారు రోడ్లు

తారులో పాలిమర్లు, పాత టైర్ల రబ్బరు పొడి లేదా వాడి పారేసిన ప్లాస్టిక్ కలిపి వేసే బీటీ రోడ్లివి. ఎండకు మెత్తబడకుండా, వానకు కంకర ఊడకుండా రోడ్డును కాపాడడం వీటి ఉద్దేశం.

ఆ అవసరం ఎంతటిదో రంగారెడ్డి జిల్లా బాలాపూర్‌కు బాగా తెలుసు. 2020 అక్టోబరు వానలకు అక్కడి గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు నీట మునిగాయి. నిలిచిన నీరు రోడ్డులోకి దిగి, కంకరకు పట్టిన తారును మెల్లగా విడదీస్తుంది. తెలంగాణలో ఎక్కువగా వాడే గ్రానైట్ కంకరకు తారుకన్నా నీటితోనే చెలిమి ఎక్కువ. పట్టు వదిలిన చోట బండ్లు తిరిగితే గుంత పడుతుంది. ఇక మే నెల ఎండలో రోడ్డు పైభాగం 60 డిగ్రీల దాకా కాగితే తారు మెత్తబడి, లారీ చక్రాల కింద గాడులు పడతాయి.

ఈ సమస్యకు మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ చూపిన దారి 'పొడి పద్ధతి'. హాట్ మిక్స్ ప్లాంటులో కంకరను సుమారు 165 డిగ్రీలకు వేడిచేసి, కత్తిరించిన ప్లాస్టిక్ ముక్కలు చల్లుతారు. నిమిషం లోపే అవి కరిగి ప్రతి రాయికీ పలుచని పొరగా అంటుకుంటాయి. ఆ పైన తారు పోస్తారు. నీరు చొరబడాల్సిన సందును ఆ పొర మూసేస్తుంది. ఈ కృషికి ఆయన 2018లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ఈ పద్ధతికి మార్గదర్శకాలిచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం ప్లాస్టిక్ వాడవచ్చు. టన్ను మిశ్రమంలో తారు సుమారు 50 కిలోలే కాబట్టి, అందులో పట్టే ప్లాస్టిక్ మూడు నాలుగు కిలోలు. ఊరి చెత్తంతా రోడ్డులో కలిపేయవచ్చనుకోవడం పొరపాటు. పీవీసీ అసలే పనికిరాదు. వేడికి దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వంటి విషవాయువులు వెలువడతాయి.

'తడి పద్ధతి'లో పాలిమర్‌ను ముందే వేడి తారులో కలుపుతారు. స్టైరీన్-బ్యూటడైన్-స్టైరీన్ అనే ఎస్‌బీఎస్ తారులో వలలా అల్లుకుని, బరువు పడ్డప్పుడు సాగి, తొలగాక తిరిగి కుదురుకుంటుంది. బరువైన వాహనాలు తిరిగే రహదారులకు ఇది బాగా నప్పుతుంది. టైర్ల రబ్బరు పొడి కూడా తారుకు సాగేగుణం ఇస్తుంది.

  

ఐదు లక్షలకు మించి జనాభా ఉన్న నగరాల చుట్టూ 50 కిలోమీటర్ల పరిధిలో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని కేంద్ర రహదారుల శాఖ 2015లో ఆదేశించింది. హైదరాబాద్‌ను ఆనుకున్న బాలాపూర్ ఆ పరిధిలోనిదే. అయితే కాలనీ రోడ్లకు ఈ షరతు టెండర్లలో రాయాల్సింది, ప్లాంటులో వేడి కొలిచి చూడాల్సింది స్థానిక సంస్థలే. చెరువుల దిగువన మాత్రం వాననీటి కాలువ ముందు కట్టి, రోడ్డు తర్వాత వేయాలి. నీరు పోయే దారి లేకపోతే ఏ పాలిమర్ కలిపినా ఆ రోడ్డు నిలవదు.