కొండా వేంకట రంగారెడ్డిగారు

కోకాపేట యను గ్రామము హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట జలాశయమునకు సమీపమున నున్నది. పూర్వమది సాగుభూములును రాతినేలలును గల పల్లె. 2023 ఆగస్టు నెలలో ప్రభుత్వపక్షమున జరిగిన వేలమునందు అచటి భూమి యెకరము 100.75 కోట్ల రూపాయలవరకు పలికెను. ఆ భూముల పత్రములయందు గ్రామనామము వెనుక జిల్లానామముగా వ్రాయబడునది 'రంగారెడ్డి' యనునది. భూమి వెల యెరిగినవారు పెక్కండ్రు గలరు. ఆ నామము వహించిన పురుషుని చరిత్ర మెరిగినవారు మాత్రము విరళముగా నున్నారు.

రంగారెడ్డిగారు 1890 డిసెంబరు 12వ తేదీని, జలాశయమున కావలిదిక్కున, నేటి మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున జన్మించిరి. అప్పటికి జలాశయమే లేదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచినప్పుడు వారు పదునెనిమిదవయేట నుండిరి. ఆ యుపద్రవ ఫలముగా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి కట్టబడిన గండిపేట యానకట్ట 1920లో పూర్తియయ్యెను. ఈ నడిమికాలమున నొక పల్లెటూరి రైతుబిడ్డ నగరముచేరి న్యాయవాదవృత్తి నవలంబించుట నేటివారికి సామాన్యముగా దోచవచ్చును. ఆనాడు న్యాయస్థానముల భాష ఉరుదూ. వాది తెలుగువాడు, ప్రతివాది తెలుగువాడు, వివాదము తెలుగునేలను గూర్చినది. వ్రాతయు వాదమును మాత్రము పరభాషలో జరుగుచుండెను. వకీలే వారికి నోరు.

నిజాముర్రాష్ట్రాంధ్ర మహాసభ 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదలయ్యెను. పంచమ మహాసభ 1936లో షాద్‌నగరమున జరిగినది. దాని కధ్యక్షులు రంగారెడ్డిగారు. ఇచట నొక విశేషము గమనింపదగియున్నది. 'షాద్' అనునది మహారాజా కిషన్ పర్షాదుగారి కవితానామము; ఊరికా పేరు దానినిబట్టియే వచ్చినది. ఆ కిషన్ పర్షాదుగారే ఆనాడు రాజ్యమునకు ప్రధానమంత్రి. బహిరంగసభలకు ప్రభుత్వానుమతి యావశ్యకమని శాసించు గస్తీ నిషాను 53 అమలులో నుండగా, ప్రధానమంత్రి పేరుగల యూరనే తెలుగువారు తమ భాషను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, రైతుల కష్టములను గూర్చియు సభచేసిరి.

మహాసభతోపాటు మహిళాసభయు జరుగుట ఆది నుండి వచ్చిన యాచారము. 1935లో సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావుగారు పురుషుల సభకును, వారి ధర్మపత్ని మాణిక్యాంబగారు మహిళాసభకును అధ్యక్షులైరి. ఇల్లు వేరు, సభ వేరు అను భేదబుద్ధి ఆ తరమువారికి లేదని దీనివలన స్పష్టమగుచున్నది. మరల 1943లో హైదరాబాదున జరిగిన దశమ మహాసభకు సయితము రంగారెడ్డిగారే యధ్యక్షులుగా నెన్నుకొనబడిరి. అప్పటికే మితవాదులకును వామపక్షమువారికిని పొత్తు కుదరకుండెను. మరునాటి యేడు భువనగిరియందు సభ రెండుగా చీలినది.

1952లో బూర్గుల రామకృష్ణరావుగారి మంత్రివర్గమున రంగారెడ్డిగారు మంత్రులైరి. అదే మంత్రివర్గమున మఱియొకరుండిరి: మఱ్ఱి చెన్నారెడ్డిగారు. వీరు రంగారెడ్డిగారి మేనల్లుడు. 1955లో రాష్ట్రపునర్విభజన విషయమున చర్చ సాగినపుడు తెలంగాణము ప్రత్యేకరాష్ట్రముగా నుండవలెనని ఇరువురును కోరిరి. 1956 ఫిబ్రవరి 20వ తేదీని ఢిల్లీయందు కుదిరిన పెద్దమనుషుల యొడంబడికపై తెలంగాణపక్షమున వ్రాలుచేసిన నలువురిలో నిరువురు ఈ మామయు నల్లుడును. తక్కిన యిద్దరు బూర్గులవారును, జె. వి. నర్సింగరావుగారును. ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో నుపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెననుట ఆ యొడంబడికలోని యొక నియమము. తెలంగాణమందలి వ్యవసాయభూముల విక్రయము ప్రాంతీయమండలి యదుపులో నుండవలెననుట మఱియొక నియమము. మొదటిదానిని గూర్చి జరిగిన వాదము లనేకము. ఉపముఖ్యమంత్రి పదవి ఆరవ వ్రేలివంటిదని నీలం సంజీవరెడ్డిగారి మాటగా నొక ప్రసిద్ధియు గలదు. కొన్నియేండ్లు శూన్యముగానుండిన యా పదవిని ఆంధ్రప్రదేశమున తొలుత నధిష్ఠించినవారు రంగారెడ్డిగారే. 1962వరకు వారందుండిరి. రెండవ నియమమును గూర్చి వాదించినవారు తక్కువ. నిజమునకు కోకాపేటవంటి గ్రామముల రైతులకు మొదటిదానికంటె రెండవదే ప్రధానము.

1970 జులై 24వ తేదీని రంగారెడ్డిగారు స్వర్గస్థులైరి. 1978 మార్చిలో మేనల్లుడు చెన్నారెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. ఆ యేడే ఆగస్టు 15వ తేదీని హైదరాబాదు జిల్లానుండి క్రొత్తజిల్లా యేర్పడినది. దానికి మేనమామ పేరు వచ్చినది. ఇది బంధుప్రీతియే గాని గుణగ్రహణము గాదని యాక్షేపించుట సులభము.

ఈ యాక్షేపమును పరిశీలించుటకు అమరకోశమునందలి యొక పదము తోడ్పడుచున్నది. కుటుంబపోషణమునందు నిమగ్నుడైన వానికి అమరసింహుడు 'అభ్యాగారికుడు' అనియు, 'ఉపాధి' యనియు రెండు నామము లొసగెను. తెలుగున నుపాధియనగా జీవనాధారము. అర్థ మంతగా దూరము పోలేదు. నైయాయికులకో, ఉపాధియనగా ననుమానమును చెరుచు దోషము. తడికట్టె సంబంధమున్నప్పుడే నిప్పునుండి పొగ వచ్చును. కావున నిప్పొక్కటియే పొగకు హేతువనుట చెల్లదు. ఇచటను అట్లే, ప్రజాసేవ నిప్పు, జిల్లానామము పొగ, మేనరికము తడికట్టె యని పూర్వపక్షము.

అయితే ఉపాధి సాధ్యవ్యాపకము కావలెనని శాస్త్రనియమము. అనగా సాధ్యమున్న ప్రతిచోటను అదియు నుండవలెను. 1972లో ఒంగోలు జిల్లాకు టంగుటూరి ప్రకాశంగారి పేరు వచ్చినప్పుడు మేనల్లు డెవడును ముఖ్యమంత్రి కాడు. తడికట్టె లేకయే పొగ వచ్చినది. కాబట్టి చుట్టరికమును ఉపాధి యనరాదు. ఇంతేగాక, షాద్‌నగరమున మేనమామ సభాధ్యక్షుడైన యేట చెన్నారెడ్డిగారు పదునేడేండ్లవాడు. సభ్యులా పీఠమున రంగారెడ్డిగారిని కూర్చుండబెట్టునపుడు వారి చుట్టమెవరని విచారించియుండరు. చుట్టరికము పేరుపెట్టుటకు నిమిత్తము కావచ్చును. యోగ్యతకు మాత్రము హేతువు గాదు. నిమిత్తమే లేదని వాదించుటయు సత్యమునకు దూరము. తెలంగాణమునకై శ్రమించిన మాడపాటివారి పేరనుగాని, బూర్గులవారి పేరనుగాని నేటికిని జిల్లా లేదు. ముఖ్యమంత్రిపీఠమున చుట్టము లేకపోవుట వారికి లోపమైనది కాబోలు!

కుటుంబవృత్తాంతమున మఱియొక యంశము గలదు. రంగారెడ్డిగారి కుమారులు కొండా మాధవరెడ్డిగారు న్యాయశాస్త్రమార్గముననే నడచి ఆంధ్రప్రదేశ్ యున్నతన్యాయస్థానమునకును, పిదప బొంబాయి యున్నతన్యాయస్థానమునకును ప్రధానన్యాయమూర్తులైరి. తండ్రి పరభాషలో వాదించిన నగరముననే కుమారుడు తీర్పు చెప్పెను.

2016 అక్టోబరు 11వ తేదీని తెలంగాణమున జిల్లాలు పునర్విభజింపబడినప్పుడు రంగారెడ్డి జిల్లా మూడు ముక్కలయ్యెను. చెన్నారెడ్డిగారు పుట్టిన సిరిపురము వికారాబాదు జిల్లాలోనికి పోయినది. పెద్దమంగళారము, గండిపేట, కోకాపేట పాతపేరు క్రిందనే యున్నవి.