తోసిపుచ్చిన రొద

ఏలూరునుండి దక్షిణముగా పోయినచో కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు అందు చేరును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు కొనిపోవును. ఉప్పుటేటి మొదట ఒక తూము ఉన్నదనుకొందము. నీరు ఒక మట్టమునకు ఎక్కువరకు అది తెరచుకొనదు. తెరచుకొన్నచో మట్టము బాగుగా దిగువరకు మూసుకొనదు. అప్పుడు సరస్సు నిండుచు, తగ్గుచు ఒక లయలో నడచును.

నియాన్ దీపము అట్టి తూమే. ఎలక్ట్రీషియను జేబులోని టెస్టరులో మినుకుమనునది ఇదే. దీనిని కండెన్సరుకు జతపరచి, నిరోధకము గుండా విద్యుత్తు పంపినచో కండెన్సరు నిండును; దీపము వెలిగి దానిని ఖాళీచేయును; మరల నిండును. (దీపము వెలుగుటకు సుమారు 70 నుండి 90 వోల్టులు కావలెను గనుక విద్యార్థులు దీనిని స్వయముగా కట్టరాదు.)

1927లో హాలెండునందు వాన్ డెర్ పోల్, వాన్ డెర్ మార్క్ అను ఇరువురు ఇట్టి వలయమునకు బయటినుండి ఒక స్థిరమైన కంపనమును కలిపి, టెలిఫోను రిసీవరులో వినిరి. కండెన్సరు విలువను పెంచుకొలది పౌనఃపున్యము సగమునకు, మూడవవంతునకు, నాల్గవవంతునకు మెట్లు దిగినట్లు దిగెను. మెట్టు దిగబోవు ముందు తరచు క్రమములేని రొద వినవచ్చెను. వారు దానిని దాచలేదు. ‘నేచర్’ పత్రికలో వ్రాసిరి. కాని అది అప్రధానమని తోసిపుచ్చిరి. వారికి కావలసినవి మెట్లే!

1986లో కెన్నెడీ, చువా ఆ ప్రయోగమును పరిశీలించి, ఆ రొద కేయాస్ అని చూపిరి. కేయాస్ అనగా నియమము తప్పకయే నడచుచు, ఆరంభములోని వెంట్రుకవాసి తేడాను పెంచిపెంచి, ఎన్నడును పునరావృతము కాని గమనము.

దానిని కావలెనని పుట్టించిన వలయము 1983 నాటిది. లారెంజ్ 1963లో వాతావరణమునకై ప్రకటించిన సమీకరణములను టోక్యోలోని వాసెడా విశ్వవిద్యాలయములో ఎలక్ట్రానిక్ పరికరముగా చూపబోగా అది పనిచేయలేదు. చూడవచ్చిన లియాన్ చువా ఆ రాత్రియే కాగితముపై మరొక వలయమును గీసెను: ఒక తీగచుట్ట, రెండు కండెన్సర్లు, ఒక నిరోధకము, ఓమ్ నియమమునకు లొంగని మరొక భాగము. అంతే. 1994లో తమిళనాటి మురళి, లక్ష్మణన్ చువాతో కలిసి ఒక కండెన్సరును తీసివేసి, బదులుగా బయటి కంపనమును పెట్టిరి. వాన్ డెర్ పోల్ ఉపాయమే మరల వచ్చినది!

తాడేపల్లిగూడెములో 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది గాని, చువా వలయమునకు అంత ప్రయోగశాల అక్కరలేదు. ఆ లొంగని భాగమును రెండు ఆప్-ఆంపులతో చేయవచ్చును. రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలును. 18 మిల్లీహెన్రీల తీగచుట్ట, 10, 100 నానోఫారడుల కండెన్సర్లు తీసికొని, 2,000 ఓముల మార్చదగు నిరోధకమును మెల్లగా తగ్గించుచు, యాంప్లిఫయరు ద్వారా వినుడు. మొదట నిశ్శబ్దము, పిమ్మట ఒక స్వరము, దానిక్రింద సగపు స్వరము, ఆపై రొద.