బైపోలార్: జబ్బు ఒకటే, స్త్రీలలో దాని నడక వేరు

బైపోలార్ డిజార్డర్ ఆడవాళ్లకు ఎక్కువ వస్తుందా, మగవాళ్లకా? సంఖ్యలో పెద్ద తేడా లేదు. నిమ్హాన్స్ నేతృత్వంలో 12 రాష్ట్రాల్లో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడ్డవారు పెద్దల్లో సుమారు 0.5 శాతం. బాధితుల్లో దాదాపు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. తేడా జబ్బు నడిచే తీరులో ఉంది.

మగవాళ్లలో తరచుగా మొదట బయటపడేది ఉన్మాద దశ, అంటే మేనియా. నిద్ర లేకపోవడం, విచ్చలవిడి ఖర్చు, గొడవలు. వీధిలో అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్తారు. మద్యం అలవాటు కూడా వీరిలోనే ఎక్కువ. స్త్రీలలో చాలాసార్లు కుంగుబాటుతో మొదలవుతుంది. ఉన్మాదం తేలికపాటిగా ఉండే బైపోలార్ 2 రకం కూడా వీరిలో ఎక్కువ. ఆ ఉత్సాహపు రోజులను ఇంట్లోవాళ్లు ‘ఈమధ్య హుషారుగా ఉంది’ అనుకుంటారు, డాక్టరుకు చెప్పరు. మామూలు డిప్రెషన్ అనుకుని ఆ మందులు మాత్రమే ఇస్తే కొందరిలో అవే ఉన్మాదాన్ని రేపుతాయి. నిద్ర తగ్గినా అలసట తెలియని రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అని అడగడం అందుకే అవసరం.

అసలు గండం కాన్పు. 2016లో వెలువడిన ఒక అధ్యయనాల విశ్లేషణలో, గర్భిణిగా మందులు వాడని బైపోలార్ స్త్రీలలో 66 శాతం మందికి ప్రసవానంతరం జబ్బు తిరగబెట్టింది. వాడినవారిలో 23 శాతం. సాధారణంగా వెయ్యి కాన్పులకు ఒకటి రెండు కనిపించే ప్రసవానంతర సైకోసిస్ కూడా వీరికే ఎక్కువ. దాన్ని గాలి సోకిందని తాయెత్తు కట్టి వదిలేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం.

అలాగని ఏ మందైనా ఫరవాలేదని కాదు. గర్భిణులు వాల్‌ప్రోయేట్ వాడితే పదిమంది శిశువుల్లో సుమారు ఒకరికి అవయవ లోపాలు, ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. గర్భనిరోధక ఏర్పాటు ఉంటే తప్ప పిల్లలు పుట్టే వయసు స్త్రీలకు దీన్ని ఇవ్వకూడదని 2018లో బ్రిటన్ నిబంధన పెట్టింది. లిథియానికి ముప్పు ఇంతకన్నా తక్కువ. కానీ రక్త పరీక్షలతో మోతాదు గమనిస్తుండాలి. గర్భం తెలిసిన రోజే భయంతో అన్నీ ఆపేయడం కూడా ప్రమాదమే. మందు మార్పు గర్భానికి ముందే డాక్టరుతో తేల్చుకోవాలి. పెళ్లి సంబంధం చెడుతుందని జబ్బు దాచే ఇళ్లలో ఈ మాట ఎవరు ఎత్తుతారు?

తల్లీబిడ్డలను కలిపి ఉంచే మానసిక చికిత్స విభాగాన్ని నిమ్హాన్స్ 2009లో బెంగళూరులో తెరిచింది. మానసిక చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా ఉచితంగా దొరుకుతుంది.