పట్టపగలు అంటే దొంగతనమేనా?

మొన్న మా బాచుపల్లి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: "పట్టపగలే బైక్ ఎత్తుకుపోయారు!" ఈ మాట మనకి దొంగతనాలప్పుడే గుర్తొస్తుంది. పగలు, పగలు అని రెండుసార్లు అంటే పట్టపగలు. బయలు, బయలు అంటే బట్టబయలు. స్కూల్లో చదివిన ద్విరుక్తటకార సంధి ఇదే, మర్చిపోయుంటారు లెండి.

దాపరికం లేకుండా చేయడమంటే నాకు మాత్రం అల్లూరి సీతారామరాజే గుర్తొస్తారు. మన్యంలో అడవి మీద ఆంక్షలు, కూలి సరిగ్గా ఇవ్వకుండా రోడ్డు పనులు. జనం విసిగిపోయారు. 1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. 11 తుపాకులు, 1390 తూటాలు, ఇంకా కత్తులు, బాయొనెట్లు పట్టుకెళ్లారు. వెళ్లేముందు ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులోనే రాసి, రాజు సంతకం పెట్టారు. దొంగ ఎక్కడైనా రసీదు ఇస్తాడా?

అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్‌కైతే వస్తున్నామని ముందే కబురు పెట్టారు. ఇలా చెప్పి మరీ రావడానికి జనం పెట్టుకున్న పేరు మిరపకాయ టపా. భలే పేరు కదా! పోలీసులు సిద్ధంగానే ఉన్నారు, అయినా ఆపలేకపోయారు.

1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని చెట్టుకు కట్టి కాల్చేశారు. విచారణ లేదు, తీర్పు లేదు, కింద జడ్జి సంతకమూ లేదు.